సైకిల్‌కి వెనక లైటు: ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి, సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

"సైకిల్‌కి వెనక లైటు కొనాలి, ఎన్ని ల్యూమెన్లది తీసుకోమంటారు?" ఈ ప్రశ్న వానలు మొదలయ్యే ముందు ఒకసారి, చలికాలంలో ఆలస్యంగా తెల్లారడం మొదలయ్యాక ఇంకోసారి వరసపెట్టి వస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకేచోట రాసేస్తున్నా.

ముందే ఒక మాట. ల్యూమెన్ల (అంటే లైటు ఎంత వెలుగిస్తుందో చెప్పే కొలత) సంగతి నాలుగో ప్రశ్న. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: మీరు ఏ రోడ్డు మీద ఏ టైములో తొక్కుతారు, చార్జింగ్ పెట్టడం మీకు గుర్తుంటుందా, మీ సైకిల్ వెనక లైటు బిగించడానికి చోటు ఎక్కడుంది. రోడ్డు మీద గమనించండి, వెనక లైటు ఉండి కూడా కనపడని సైకిళ్లలో వెలుగు చాలనివి తక్కువ. ఎక్కువ శాతం చార్జి అయిపోయి ఉంటుంది, లేదంటే బ్యాగు చాటున పడి ఉంటుంది, లేదంటే ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది.

ఇది బ్యాటరీ లైట్ల గురించి మాత్రమే. డైనమో లైట్ల జోలికి పోవడం లేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కొలవడానికి టేపు, లేదా ఒక దారం, స్కేలు
- పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి (పంచర్ షాపులో అడిగితే ఊరికే ఇస్తారు)
- రెండు మూడు ప్లాస్టిక్ జిప్ టైలు, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్
- మీరు రోజూ వేసుకెళ్లే బ్యాగు, రెయిన్‌కోటు
- వెనక నిలబడి చూసి చెప్పడానికి ఇంకో మనిషి. ఇది మాత్రం తప్పనిసరి, ఎందుకంటే మీ వెనక లైటు మీకు ఎప్పటికీ కనపడదు

1. మీ దారి, మీ టైము కాగితం మీద రాయండి

నవ్వొచ్చినా సరే రాయండి. ఎందుకంటే షాపువాడు అడగడు, మీరూ ఆలోచించరు, చివరికి డబ్బా మీద పెద్ద అంకె ఉన్నది తెచ్చుకుంటారు.

హైదరాబాద్‌లో జనవరి మొదట్లో సూర్యుడు 6:45 తర్వాతే వస్తాడు, కాబట్టి పొద్దున్నే 5:30కి బయల్దేరే వాళ్లకి గంటకి పైగా చీకట్లో లైటు వెలగాలి. అదే జూన్‌లో 5:40కే సూర్యోదయం, కాబట్టి అదే మనిషికి పది నిమిషాలతో సరి. మీ లెక్క చలికాలం టైముతోనే వేసుకోండి.

ఇక దారి. అమీర్‌పేట, కూకట్‌పల్లి లాంటి చోట్ల వీధి దీపాలు బాగానే ఉంటాయి, కానీ చుట్టూ షాపుల బోర్డులు, ఆటోల లైట్లు, బైకుల బ్రేక్ లైట్లు, అన్నీ ఎర్రవే. ఆ గుంపులో మీది ఒక చుక్క. ఇక్కడ వెలుగు కంటే లైటు సైజు, అది ఉన్న ఎత్తు ముఖ్యం. గండిపేట దాటి శంకర్‌పల్లి వైపు వెళ్తే కథ వేరు, చాలాచోట్ల చీకటి, వెహికల్స్ స్పీడు ఎక్కువ. అక్కడ దూరం నుంచే కనపడాలి. ఒక చిన్న లెక్క: కారు 60 స్పీడులో, మీరు 15లో వెళ్తుంటే మీ ఇద్దరి మధ్య దూరం సెకనుకి 12 మీటర్లకి పైగా తగ్గిపోతుంది. డ్రైవర్ మిమ్మల్ని 50 మీటర్ల దగ్గర చూస్తే అతనికి ఉండేది 4 సెకన్లు. 200 మీటర్ల నుంచే చూస్తే 16 సెకన్లు. థియరీ ఇంతవరకు చాలు.

పగలు తొక్కేవాళ్లు "నాకెందుకు లైటు" అంటారు. అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ల వైపు ఎప్పుడైనా వెళ్లి చూడండి. రోడ్డుకి రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు, కింద ఎండ నీడ ముక్కలు ముక్కలుగా పడి ఉంటుంది, ఎండలోంచి వచ్చిన కారువాడికి ఆ నీడలో ఉన్న సైకిల్ ఒక్క క్షణం అసలు కనిపించదు. అలాంటి దారి మీదైతే పగటికి పనికొచ్చే లైటే కావాలి, అది మామూలు లైటు కాదు, దాని సంగతి 4లో చెప్తా.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) వెంబడి 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉంది కదా, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒకటి, రెండూ కలిపి 23 కిలోమీటర్లు. అక్కడే తిరిగేవాళ్లయితే పెద్ద లైటు అక్కర్లేదు, కార్లు రావు. పైగా అక్కడ మీ లైటు మీ వెనక పది అడుగుల్లో వచ్చేవాడి కళ్లలో కొడుతుంది. కాకపోతే ఇంటి నుంచి ట్రాక్ దాకా ఎలా వెళ్తున్నారో కూడా కాగితం మీద రాయండి. చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు, అసలు ప్రమాదమంతా ఆ ముక్కలోనే ఉంది.

2. సెల్స్‌దా, చార్జింగ్‌దా

ఇక్కడ టైం తీసుకోండి. మొత్తం ఎంపికలో ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. ఇది లైటుకి సంబంధించిన విషయం కంటే మీ అలవాటుకి సంబంధించిన విషయం.

*యూఎస్‌బీ చార్జింగ్ లైటు.* లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, ఫోన్ చార్జర్‌తో చార్జ్ చేసుకోవచ్చు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువ ఇవే. చిన్న సైజులో ఎక్కువ వెలుగు ఇస్తాయి. రోజూ తొక్కేవాళ్లకి, ఆఫీసులో టేబుల్ మీద చార్జింగ్ పెట్టుకోగలిగేవాళ్లకి ఇదే సరైనది. ఇబ్బందులు రెండు. చార్జి అయిపోతే దారిలో చేయగలిగింది ఏమీ లేదు. రెండోది, లోపలి బ్యాటరీ మార్చడానికి వీలుండదు, రెండు మూడేళ్లకి బ్యాటరీ నీరసపడితే లైటే పక్కన పెట్టాలి.

కొనేటప్పుడు పోర్టు చూడండి. టైప్-సి ఉంటే మీ ఫోన్ కేబులే పనికొస్తుంది. కానీ ఇక్కడొక తిరకాసుంది. చవక లైట్లు కొన్ని టైప్-సి రంధ్రం పెట్టి లోపల ఉండాల్సిన చిన్న రెసిస్టర్లు పెట్టరు, అప్పుడు రెండు చివర్లా టైప్-సి ఉన్న కేబుల్‌తో కొత్త రకం చార్జర్‌కి పెడితే చార్జే ఎక్కదు. "కొత్త లైటు డెడ్" అని వెనక్కి పంపేసే ముందు, పాత రకం వెడల్పు యూఎస్‌బీ చార్జర్‌తో, దాని కేబుల్‌తో ఒకసారి పెట్టి చూడండి. చాలాసార్లు అదే మందు.

*రిమోట్ సెల్స్ వేసే లైటు.* టీవీ రిమోట్‌లో వేసే సన్న పెన్సిల్ సెల్స్, ట్రిపుల్-ఎ అంటారు కదా, అవి రెండు వేస్తే నడిచేవి. పాతకాలం సరుకని చాలామంది పక్కన పెడతారు కానీ నా ఓటు వీటికే, ముఖ్యంగా వారానికి ఒకసారో రెండుసార్లో తొక్కేవాళ్లకి, చార్జింగ్ మర్చిపోయేవాళ్లకి. సెల్స్ ప్రతి కిరాణా కొట్లో దొరుకుతాయి, పరిగి దారిలో ఏ ఊళ్లో ఆగినా దొరుకుతాయి. బ్యాగులో రెండు స్పేర్ పడేస్తే టెన్షన్ లేదు.

ఇందులో మూడు జాగ్రత్తలు. ఒకటి, పది రూపాయల్లో వచ్చే మామూలు సెల్స్ కాకుండా ఆల్కలైన్ అని రాసున్నవే వాడండి, మామూలువి త్వరగా నీరసపడతాయి, త్వరగా కారతాయి కూడా. రెండు, ఒక కొత్త సెల్, ఒక పాత సెల్ కలపొద్దు. మూడు, నెల రోజులు సైకిల్ తీయనప్పుడు సెల్స్ బయటికి తీసి పెట్టండి, ఎందుకంటే ఆల్కలైన్ సెల్స్ కూడా లోపల కారిపోయి స్ప్రింగుల్ని తినేస్తాయి.

రీచార్జబుల్ పెన్సిల్ సెల్స్ వేయొచ్చా అని అడుగుతారు. వేయొచ్చు. వాటి ఓల్టేజీ ఒక్కోటి 1.2, మామూలువి 1.5, కాబట్టి రెండు కలిపితే 3కి బదులు 2.4 వస్తుంది. ఎర్ర ఎల్ఈడీ వెలగడానికి సుమారు 2 ఓల్టులు చాలు కనక వెనక లైటులో అవి బాగానే పనిచేస్తాయి, వెలుగు కాస్త తగ్గొచ్చు అంతే. ఒక్క తేడా గుర్తుంచుకోండి. ఆల్కలైన్ సెల్ మెల్లమెల్లగా మసకబారుతుంది, మీకు తెలియకుండానే లైటు నీరసపడిపోతుంది. రీచార్జబుల్ మాత్రం చివరిదాకా బాగా వెలిగి ఒక్కసారిగా పడుకుంటుంది. ఆల్కలైన్ వేస్తే అప్పుడప్పుడూ వెలుగు చూసుకోండి, రీచార్జబుల్ వేస్తే వారానికోసారి గుర్తుపెట్టుకుని చార్జ్ చేయండి.

*బటన్ సెల్ లైటు.* సిలికాన్ తొడుగుతో కప్పలా ఉండే చిన్నవి, వంద రెండొందల్లో దొరికేవి. లోపల సీఆర్2032 సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌లో ఉండేది సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లు (ఎంఏహెచ్, సెల్‌లో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత), కాబట్టి గట్టి వెలుగు ఆశించొద్దు. రెండో లైటుగా, బ్యాగులో పడి ఉండే అత్యవసరం లైటుగా బ్రహ్మాండం. ఒకే లైటుగా వద్దు.

హెచ్చరిక: ఇంట్లో చిన్నపిల్లలుంటే బటన్ సెల్ విషయంలో ఆటలొద్దు. మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి, అవసరమైతే 108కి ఫోన్ చేయండి. స్క్రూ లేకుండా ఊడొచ్చే మూత ఉన్న లైటు అసలు కొనొద్దు.

3. ఎక్కడ బిగిస్తారో కొనకముందే చూసుకోండి

సైకిల్‌ని స్టాండ్ వేసి, వెనక పది అడుగులు వెళ్లి, కిందికి వంగి కారు డ్రైవర్ కళ్ల ఎత్తులో చూడండి. సీటు మీద ఇంకో మనిషిని మీ బ్యాగుతో, రెయిన్‌కోటుతో కూర్చోబెట్టండి. ఇప్పుడు సీటు కింద రాడ్డు ఎంత కనిపిస్తోంది?

రేసింగ్ రకం, హైబ్రిడ్ సైకిళ్లలో సీటు రాడ్డు బాగా పైకి ఉంటుంది, రబ్బరు పట్టీతో కట్టే లైటు అక్కడ సరిపోతుంది. రాడ్డు చుట్టుకొలత దారంతో కొలవండి, 8.5 సెంటీమీటర్లు వస్తే 27.2 మిల్లీమీటర్ల రాడ్డు, దగ్గరదగ్గర 10 వస్తే 31.6. లైటు డబ్బా మీద ఏ సైజులకి సరిపోతుందో రాసుంటుంది. సీటు రాడ్డు గుండ్రంగా కాకుండా చపటగా ఉన్న ఖరీదైన సైకిళ్లకి గుండ్రటి బ్రాకెట్ పట్టదు, చూసుకోండి.

పొట్టివాళ్లకి, పిల్లల సైకిళ్లకి రాడ్డు రెండు వేళ్లంత కూడా కనపడదు. అప్పుడు వెనక చక్రం పక్కనుండే సన్న కడ్డీకి, అంటే ఫ్రేముకే, బిగించుకోవచ్చు. అలా చేస్తే కుడివైపు కడ్డీకే పెట్టండి, మన దగ్గర బళ్లు కుడివైపు నుంచే దాటుతాయి కనక. సన్న కడ్డీకి పట్టీ వదులైతే ట్యూబు ముక్క చుట్టి దాని మీద బిగించండి.

పాల క్యాన్లు, కూరగాయల సంచులు, టిఫిన్ డబ్బాలు పెట్టే క్యారేజీ ఉన్న సైకిలైతే సీటు రాడ్డు మర్చిపోండి. సామాను పెట్టగానే లైటు మాయం. క్యారేజీ వెనక చివర, రిఫ్లెక్టర్ దగ్గర బోల్టుతో బిగించే రకం తీసుకోండి. ఇంకో లాభం, మెట్రో స్టేషన్ దగ్గర సైకిల్ వదిలి వెళ్లేవాళ్ల లైటు ఎవరూ అంత తేలిగ్గా లాక్కుపోలేరు. పట్టీ లైటైతే దిగినప్పుడల్లా తీసి జేబులో వేసుకోవాల్సిందే.

రిఫ్లెక్టర్ అన్నాను కదా, లైటు పెట్టడానికి రిఫ్లెక్టర్ పీకేయడం అందరూ చేసే తప్పు. దానికి బ్యాటరీ లేదు, ఎప్పుడూ అయిపోదు. లైటు దారిలో ఆరిపోయిన రోజు మీకు మిగిలేది అదే. దాన్ని అలాగే ఉంచి పైనో కిందో లైటు పెట్టుకోండి.

4. ఎంత వెలుగు, ఏ మోడ్‌లు

ఇప్పుడు ల్యూమెన్లకి వద్దాం. రాత్రి సిటీలో అయితే 15 నుంచి 30 ల్యూమెన్లు, చీకటి రోడ్డుకి 30 నుంచి 50, పగలు ఎండలో కనపడాలంటే 100 అటూ ఇటూ ఇచ్చే ఫ్లాష్ మోడ్. ఇవి నేను పెట్టుకునే హద్దులు. రాత్రిపూట 100 ల్యూమెన్లు పెట్టుకుని తిరిగేవాళ్లున్నారు, వెనక వచ్చే బైకువాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి, మీరు ఎంత దూరంలో ఉన్నారో కూడా అతనికి అర్థం కాదు. కాబట్టి ఒక్క పెద్ద మోడ్ కంటే రెండు మూడు స్థాయిలున్న లైటు మంచిది.

డబ్బా మీద అంకెల్ని నమ్మాలా వద్దా అనేది ఇంట్లోనే లెక్క వేయొచ్చు. బ్యాటరీ 300 ఎంఏహెచ్ అని ఉందనుకోండి. అంటే 0.3 ఆంపియర్ అవర్. ఆ 0.3ని లిథియం ఓల్టేజీ 3.7తో గుణిస్తే 1.1 వాట్ అవర్. ఎర్ర ఎల్ఈడీ వాట్‌కి సుమారు 50 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, 100 ల్యూమెన్లకి 2 వాట్లు కావాలి, అంటే ఆ బ్యాటరీ అరగంటకి కాస్త పైన వస్తుంది. డబ్బా మీద మాత్రం "100 ల్యూమెన్లు, 10 గంటలు" అని ఉంటుంది. 10 గంటలు ఏదో చిన్న బ్లింక్ మోడ్‌కి, 100 ల్యూమెన్లు ఇంకో మోడ్‌కి, రెండూ కలిపి రాసేస్తారు. ఏ మోడ్‌కి ఎన్ని గంటలో విడివిడిగా పట్టిక ఇచ్చిన కంపెనీని నమ్మండి, ఇవ్వనిదాన్ని వదిలేయండి.

బ్లింకా, నిలకడ వెలుగా అన్న గొడవ ఎప్పటికీ తెగదు. బ్లింక్ అయితే త్వరగా కంట పడుతుంది, నిలకడగా వెలిగితే దూరం అంచనా దొరుకుతుంది. నేనైతే రెండూ అంటాను: పెద్ద లైటు నిలకడగా, చిన్న బటన్ సెల్ లైటు బ్లింక్‌లో. ఒక్కటే ఉంటే చీకట్లో నిలకడ, పగలు బ్లింక్. పూర్తిగా ఆరి మళ్లీ వెలిగే రకం కంటే సన్నగా వెలుగుతూనే మధ్యమధ్యలో పెద్దగా కొట్టే మోడ్ ఉంటే ఇంకా మంచిది. గుంపుగా తొక్కేటప్పుడు మాత్రం బ్లింక్ వద్దు, వెనకవాడు మిమ్మల్ని మనసులో తిట్టుకుంటాడు. జర్మనీ రూల్స్ ప్రకారం చేసిన లైట్లలో అసలు బ్లింక్ ఉండదు, అక్కడ రోడ్డు మీద బ్లింక్ లైటు పనికిరాదు. కొన్నాక "మోడ్ మారట్లేదు" అని కంగారు పడకండి.

రంగు ఎరుపే. నీలం, పచ్చ, వరసగా రంగులు మారే డిస్కో లైట్లు చాలా చూస్తున్నాం, వాటిని చూసి అది సైకిలని ఎవరికీ తట్టదు. నేల మీద రెండు లేజర్ గీతలు గీసేవి కూడా వద్దు, వీధి దీపాల కింద ఆ గీతలు కనపడవు, గుంతల రోడ్డు మీద వంకరగా ఎగురుతుంటాయి.

బ్రేక్ వేస్తే పెద్దగా వెలిగే సెన్సార్ లైట్లు బాగుంటాయి కానీ స్పీడ్ బ్రేకర్ ఎక్కినా గుంతలో పడినా వెలుగుతుంటే దాని అర్థం పోతుంది. ఉంటే మంచిదే, దానికోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు. ఇక గార్మిన్ వారియా లాంటి రాడార్ లైట్లు, వెనక 140 మీటర్ల నుంచి వచ్చే బండిని పసిగట్టి ముందే చెప్తాయి. వికారాబాద్ వైపు లాంగ్ రైడ్లు కొట్టేవాళ్లకి పనికొస్తుంది. పంజాగుట్టలో పెట్టుకుంటే ఆపకుండా కూస్తూనే ఉంటుంది.

5. నీళ్లు, దుమ్ము

డబ్బా మీద ఐపీఎక్స్ పక్కన అంకె చూడండి. 4 అంటే అన్ని వైపుల నుంచి చిందే నీళ్లకి తట్టుకుంటుంది, 6 అంటే గట్టిగా కొట్టే నీటిధారకి, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట. మన జూలై, ఆగస్టు వానలకి 4 కనీసం. మడ్‌గార్డ్ లేని సైకిలైతే 6 చూడండి, వెనక చక్రం బురదనీళ్లని నేరుగా లైటు మీదకే కొడుతుంది. ఏ అంకె ఉన్నా చార్జింగ్ రంధ్రం మీదున్న రబ్బరు మూత సరిగ్గా నొక్కకపోతే లాభం లేదు. చార్జింగ్ పెట్టి తీశాక మూత వేయడం మర్చిపోవడమే లైట్లు చావడానికి అసలు కారణం.

6. షాపులో

లైట్లు సైకిల్ షాపుల్లో, స్పోర్ట్స్ స్టోర్లలో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మంచి సెల్స్, రీచార్జబుల్ సెల్స్, వాటి చార్జర్ కోసమైతే కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్లండి, బేరం కూడా ఆడొచ్చు. లైటు మాత్రం వీలైతే చేత్తో పట్టుకుని చూసి కొనండి:

- స్విచ్ వేళ్లతో వెతికితే దొరుకుతోందా? చలికాలం గ్లవ్స్ వేసుకుని నొక్కగలరా?
- ఆపేసి మళ్లీ వేస్తే పాత మోడ్‌లోనే వస్తోందా, ప్రతిసారీ ఐదుసార్లు నొక్కాలా?
- పక్క నుంచి చూస్తే వెలుగు కనిపిస్తోందా? సందుల్లోంచి, క్రాస్ రోడ్డు నుంచి వచ్చేవాళ్లకి కనపడాలంటే ఇది కావాలి. నేరుగా వెనక్కి మాత్రమే కొట్టే లైటు సిటీకి సగం లైటే
- చార్జి తక్కువైతే చెప్పే చిన్న సూచిక ఉందా?
- పట్టీ తెగితే విడిగా దొరుకుతుందా? ఎండకి రబ్బరు పట్టీలే ముందు పగులుతాయి

ఫోన్ కెమెరాలో చూస్తే నిలకడ వెలుగు కూడా గీతలు గీతలుగా వణికినట్టు కనపడొచ్చు. అది లోపం కాదు, షాపువాడితో గొడవ పెట్టుకోకండి.

కదలిక లేకపోతే దానంతటదే ఆరిపోయే ఆటో లైట్లతో ఒక చిక్కు. పెద్ద సిగ్నల్ దగ్గర నిమిషంన్నర కదలకుండా నిలబడితే కొన్ని ఆరిపోతాయి. ఎంతసేపటికి ఆరుతుందో షాపులోనే చూడండి.

7. బిగించడం

రాడ్డు మీద దుమ్ము, నూనె తుడవండి. పట్టీ గట్టిగా లాగి తగిలించండి. జారుతుంటే ట్యూబు ముక్క. బ్రాకెట్ రకమైతే స్క్రూ బిగించాక ఒక జిప్ టై కూడా వేయండి, మన గుంతలకి ప్లాస్టిక్ బ్రాకెట్ ఒక్కటే నిలవడం కష్టం.

ఇప్పుడు అసలు పని, కోణం. సీటు రాడ్డు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి లైటు ఉన్నది ఉన్నట్టు కడితే పైకో కిందికో చూస్తుంది. లైటు ముఖం నేలకి నిటారుగా, వెలుగు నేలకి సమాంతరంగా వెనక్కి వెళ్లాలి. ఇంటి గోడకి రెండు మీటర్ల దూరంలో సైకిల్ వెనకభాగాన్ని పెట్టి రాత్రి లైటు వేయండి. నేల నుంచి లైటు ఎంత ఎత్తులో ఉందో, గోడ మీద వెలుగు మధ్యభాగం కూడా అంతే ఎత్తులో పడాలి. ఒక అంగుళం కిందికి పడినా ఫర్లేదు, పైకి మాత్రం వద్దు.

సీటు కింద చిన్న బ్యాగు కట్టుకునేవాళ్లు బ్యాగు కట్టాకే కోణం చూడండి. చాలా బ్యాగులకి లైటు తగిలించే గుడ్డ పట్టీ ఉంటుంది, దానికి తగిలిస్తే లైటు వేలాడుతూ నేలని చూస్తుంది. తప్పనిసరైతే తప్ప వాడొద్దు.

8. సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి

నాలుగు పరీక్షలు. బద్ధకిస్తే మొదటిది మాత్రం వదలకండి.

*దూరం పరీక్ష.* చీకటిపడ్డాక ఖాళీ కాలనీ రోడ్డులో సైకిల్ మీద మీ మనిషిని బ్యాగుతో సహా కూర్చోబెట్టి, మీరు వెనక్కి 100 అడుగులు, ఆ తర్వాత 200 అడుగులు నడిచి చూడండి. నేరుగానే కాదు, రోడ్డుకి ఆ అంచు నుంచి, ఈ అంచు నుంచి కూడా. నేరుగా బాగుండి పక్కకి జరగ్గానే మాయమైతే లైటు పక్కకి తిరిగి ఉంది. దగ్గరగా బాగుండి దూరం వెళ్లేకొద్దీ చచ్చిపోతుంటే పైకో కిందికో ఉంది, కోణం సరిచేయండి. అయినా రాకపోతే అప్పుడు వెలుగు చాలట్లేదని అనుకోండి.

*గుంతల పరీక్ష.* లైటు కోణానికి గుర్తుగా రాడ్డు మీద పెన్సిల్‌తో గీత గీసి, మీ ఇంటి దగ్గర బాగా పాడైన రోడ్డు మీద ఒక రౌండు కొట్టి రండి. గీత నుంచి జరిగితే బిగింపు చాలలేదు. సెల్స్ లైటైతే కుదుపుకి ఆరిపోయిందా అని కూడా చూడాలి. ఆరితే లోపల స్ప్రింగుల్ని స్క్రూడ్రైవర్‌తో కాస్త బయటికి లాగండి, చాలావరకు సరిపోతుంది.

*టైము పరీక్ష.* ఫుల్ చార్జి పెట్టి, మీరు వాడే మోడ్‌లోనే వేసి ఇంట్లో వదిలేయండి, ఎప్పుడు మసకబారిందో, ఎప్పుడు ఆరిందో రాసుకోండి. డబ్బా మీద గంటలు కాదు, ఇవే మీ గంటలు. వచ్చినదాంట్లో సగం అయ్యాక చార్జింగ్ పెట్టే అలవాటు చేసుకోండి. ఆరు నెలలకోసారి మళ్లీ చూస్తే బ్యాటరీ ఎంత అరిగిందో తెలుస్తుంది.

*నీళ్ల పరీక్ష.* అన్ని మూతలు వేసి, మగ్గుతో పై నుంచి, పక్కల నుంచి నీళ్లు పోసి, తుడిచి, గంట తర్వాత అద్దం లోపల ఆవిరి పట్టిందేమో చూడండి. పడితే షాపుకి వెనక్కి. బకెట్లో ముంచడం ఐపీఎక్స్7 ఉన్నవాటికే.

తర్వాత చూసుకోవాల్సినవి

ఎండాకాలం లైటుని కారు డాష్‌బోర్డు మీద వదిలేయకండి. లిథియం బ్యాటరీకి 45 డిగ్రీలు దాటాక చార్జింగ్ మంచిది కాదు, మే నెలలో మూసిన కారు లోపల అది ఎప్పుడో దాటిపోతుంది. రైడ్ నుంచి ఎండలో వచ్చాక కాసేపు చల్లారనిచ్చి పెట్టండి. బ్యాటరీ ఉబ్బి లైటు మూత అతుకు విడిపోతున్నట్టు కనిపిస్తే ఇక చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

ఆల్కలైన్ సెల్స్ కారి తెల్ల పొడి పట్టిందా? సెల్స్ తీసేసి, చేతికి గ్లవ్స్ వేసుకుని, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి రుద్దండి, ఆ తర్వాత తడిగుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టండి. ఆకుపచ్చగా తుప్పు దిగిపోయి స్ప్రింగు విరిగితే బాగుచేయడం దండగ.

వానలో తిరిగొచ్చినప్పుడల్లా లైటు అద్దం తుడవండి. ఎండిన బురద పొర సగం వెలుగు మింగేస్తుంది. మీకు వెనక కనపడదు కాబట్టి నెలల తరబడి అలాగే తిరుగుతుంటారు.

దారిలో లైటు ఆరిపోతే: బటన్ సెల్ లైటు బ్యాగులో ఉంటే తీసి తగిలించండి. లేకపోతే దగ్గర్లో కిరాణా కొట్టు చూడండి, సెల్స్ లైటు కొన్నవాళ్లకి ఇక్కడే లాభం. అదీ లేకపోతే ఫోన్ టార్చి వెనక్కి పెట్టి తొక్కుదామని చూడకండి, తెల్ల వెలుగు వెనక నుంచి చూస్తే ఎదురొచ్చే బండిలా కనిపిస్తుంది. వీధి దీపాలున్న రోడ్డుకి మారండి, లేదా దిగి పక్కన నడిపించుకుంటూ వెళ్లండి.